నుంచి అన్నాక వరకు అనాలి

జూన్ 4, బుధవారం
ఇంట్లో, వీధివైపు గది

చిరంజీవి తూనీగకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం ఇవాళ్టి పేపర్లో ఐదో పేజీ. పేజీ నిండా మీ విమానాల కంపెనీ ప్రకటన. "అనుకుంటే చాలు, ఎగిరొచ్చేయండి! 999 నుంచి మాత్రమే!" అని నా అరచేయంత అక్షరాలతో వేశారు. చివర ఒక నక్షత్రం గుర్తు. నువ్వు ఉద్యోగమని ఆ ఊరు వెళ్ళి నాలుగు నెలలైంది. చూడాలని అనుకున్నాను. అనుకుంటే చాలన్నారు కాబట్టి చెప్పులు వేసుకుని, పది గంటల ఐదు నిమిషాలకు వీధి చివర టికెట్లు అమ్మే ఆఫీసుకు వెళ్ళాను.

"ఒక టికెట్ ఇవ్వండి. 999ది" అన్నాను.

"అది మొదలండీ మామ్మగారూ" అన్నాడు టికెట్లాయన.

"మరి చివర ఎంత?"

"చివర అప్పుడే ఎలా తెలుస్తుందండీ? మీరింకా సీటు అడగలేదుగా."

"సీటు అడక్కపోతే నిలబడి వెళ్ళనిస్తారా?"

"నిలబడనివ్వరండీ."

"అయితే సీటు ఇచ్చి తీరాలిగా?"

"ఇస్తారండీ. కాకపోతే ఎక్కడిస్తారో చెప్పరు. మీక్కావలసిన చోట కూర్చోవాలంటే 250."

నా మోకాలికి నడవ పక్క సీటే కావాలి. సరేనన్నాను. ఆ తర్వాత ఆయన మీట నొక్కిన కొద్దీ అంకె పెరిగింది. ఇంధనానికి 1,150. విమానాశ్రయం అభివృద్ధికి 640. పన్ను 173. చివర సౌకర్య రుసుము అని 200. ఎవరి సౌకర్యానికని అడిగాను. "డబ్బు కట్టే సౌకర్యానికండీ" అన్నాడు. మొత్తం 3,412. ఆయన మంచివాడే. కాగితం మీద వివరంగా రాసిమ్మంటే రాసిచ్చాడు. "ఇలా రాసిమ్మని ఎవరూ అడగరండీ. తిట్టి వెళ్ళిపోతారు" అన్నాడు.

టికెట్ కొనలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి, ఆ నక్షత్రానికి అర్థం పేజీలో ఎక్కడుందో వెతికాను. అంచున నిలువుగా దొరికింది. "షరతులు వర్తిస్తాయి." ఏ షరతులో రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దినదాన్ని. ఇంత చిన్న అచ్చు మందుసీసాల మీద కూడా చూడలేదు. పట్టపగలు జనానికి చుక్కలు చూపించడమంటే ఇదే కాబోలు.

అదే పేపర్లో ఏడో పేజీలో ప్రభుత్వంవారి ప్రకటన ఒకటి ఉంది. విమాన ఛార్జీల ప్రకటనలకు కొత్త నియమాలు తెస్తారట. ప్రయాణికుడు చివరికి ఎంత కట్టాలో ఆ మొత్తమే ప్రకటనలో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో వేయాలట. ముసాయిదా చదివి, ముప్పై రోజుల్లోగా ఎవరైనా అభిప్రాయం రాసి పంపవచ్చట. నేను పంపబోతున్నాను.

నువ్వు పనిచేసేది ఆ కంపెనీ ప్రకటనల విభాగంలోనే. ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. ఆ వాక్యం రాసిందెవరు?

ఆశీస్సులతో,
అమ్మమ్మ


జూన్ 11
ఆరో అంతస్తు, ప్రకటనల విభాగం (భోజనాల వేళ)

ప్రియమైన అమ్మమ్మకు,

నీ ఉత్తరం చూడగానే నవ్వొచ్చింది, రెండోసారి చదివితే భయమేసింది. ఆ వాక్యం ఎవరు రాశారో నాకు తెలియదు. ఇక్కడ పదకొండు మందిమి. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేస్తారు, కాబట్టి ఎవరిది ఏ ముక్కో నాకు నిజంగా తెలియదు. బొమ్మలు మాత్రం నేను చూస్తాను. మాటల సంగతి నాకు తెలియదు.

మా విభాగాధిపతిని మేం చాటుగా చుక్కల సారు అంటాం. ప్రతి వాక్యం చివరా ఒక నక్షత్రం పెట్టందే ఆయనకి నిద్రపట్టదు. మొన్న నేను సెలవు చీటీ ఇస్తే దానిక్కూడా పక్కన నక్షత్రం పెట్టి సంతకం చేశాడు. "ఇదేంటి సార్?" అంటే, "షరతులు వర్తిస్తాయమ్మా" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన మాటేమిటంటే, "ధర అనేది పలకరింపమ్మా. గుమ్మంలో పలకరిస్తూనే ఇంట్లో కష్టాలన్నీ ఎవరైనా ఏకరువు పెడతారా?" వినేటప్పుడు నిజమే అనిపిస్తుంది. మెట్లు దిగాక అనిపించదు.

అమ్మమ్మా, ఒక్క మాట. ఆ అభిప్రాయం ఇప్పుడు పంపకు. నా ప్రొబేషన్ ఆగస్టు 11న అయిపోతుంది. ఆ రోజు ఉద్యోగం ఖాయం చేస్తారో, సంచి సర్దుకోమంటారో చుక్కల సారు చేతిలో ఉంది. ఈ ఉద్యోగం కోసం ఎన్ని ఇంటర్వ్యూలకి తిరిగానో నీకు తెలుసు. ప్రతిదానికీ నువ్వే కదా దరఖాస్తు దిద్దింది. కొత్త నియమాల పేరు ఎత్తితేనే ఇక్కడ అందరి ముఖాలు మాడిపోతున్నాయి. మన ఇంటి నుంచే అభిప్రాయం వెళ్ళిందని తెలిస్తే నా గతేం కాను?

నీకు ప్రయాణమే కదా కావాలి? మాకు ఉద్యోగుల టికెట్లు ఏడాదికి రెండు ఇస్తారు. ఒకటి నీకు పంపిస్తాను. నడవ పక్క సీటు, పైసా ఖర్చు లేదు. వచ్చెయ్యి.

నీ
తూనీగ


జూన్ 17
ఇంట్లో, వీధివైపు గది

చిరంజీవి తూనీగకు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో "నాకు తెలియదు" మూడుసార్లు ఉంది. నిజంగా తెలియనివాళ్ళు ఒక్కసారే అంటారు.

ఉద్యోగుల టికెట్ నాకొద్దు. నోరు మూయడానికి ఇచ్చేదాన్ని ఏమంటారో నీకు చెప్పనక్కర్లేదు. నా పద్దుల పుస్తకంలో దానికి గడి లేదు.

అభిప్రాయం పంపవద్దన్నావు. నీ ఉత్తరం పన్నెండున పోస్టులో పడినట్టు ముద్ర ఉంది. నా అభిప్రాయం తొమ్మిదినే రిజిస్టర్ పోస్టులో వెళ్ళింది. కాబట్టి నీ మాట కాదన్నానని అనుకోకు. నీ మాట ఆలస్యమైంది. కింద నా పేరు పెట్టలేదు. "విశ్రాంత ప్రూఫ్ రీడర్" అని మాత్రం రాసి, అడ్రసు ఇచ్చాను. నీ ప్రసక్తి ఎక్కడా లేదు.

అందులో ఏం రాశానో నీకూ తెలియాలి. ముసాయిదా బాగానే ఉంది, ఒక్క లోపం తప్ప. మొత్తం ధర వేయాలన్నారు గానీ, "నుంచి" అనే మాటను వదిలేశారు. రేపు మీవాళ్ళు "3,412 నుంచి" అని వేసి, ఐదు వేలు తీసుకోరని ఏమిటి నమ్మకం? "నుంచి" అనేది బయలుదేరే చోటు చెప్పే మాట. బస్సు మీద ఎక్కడి నుంచో రాసి, ఎక్కడి వరకో రాయకపోతే ఎవరైనా ఎక్కుతారా? అందుకని ఒక వాక్యం చేర్చమన్నాను. "ప్రకటనలో ధర పక్కన నుంచి అని రాసినచోట, వరకు అని కూడా అంతే పెద్ద అక్షరాల్లో రాయవలెను. ఆ తక్కువ ధరకు ఎన్ని సీట్లు ఉన్నవో చెప్పవలెను." నక్షత్రం దేనికో, సౌకర్య రుసుము ఎవరి సౌకర్యానికో కూడా అడిగాను.

ఇంకొక సంగతి. "నుంచి మాత్రమే" అనేది అసలు వాక్యమే కాదు. నుంచి అంటే ఇంకా ఉందని. మాత్రమే అంటే ఇక లేదని. రెండూ పక్కపక్కన పెట్టినవాళ్ళు బడిలో ఏం చదువుకున్నారో!

టికెట్లాయన కూడా ఒక అభిప్రాయం రాశాడు. ఐదు తప్పులుంటే దిద్దిచ్చాను. "తిట్లు తినే ఉద్యోగమండీ మాది. ధర వాళ్ళు దాస్తారు, మాట మేం పడతాం" అన్నాడు. ఆ వాక్యం మాత్రం ముట్టుకోలేదు.

అమ్మమ్మ


జూలై 5
ప్రధాన కార్యాలయం, ఆరో అంతస్తు

విశ్రాంత ప్రూఫ్ రీడర్ గారికి,

విషయం: "నుంచి" అను పదముపై తమరి అభిప్రాయము.

తమరు సంబంధిత ప్రభుత్వ శాఖకు పంపిన అభిప్రాయమును, శాఖవారు జవాబు నిమిత్తం మాకు పంపియున్నారు. మా సంస్థ ప్రయాణికుల పట్ల ఎల్లప్పుడూ పారదర్శకముగా వ్యవహరించును. కానీ, తమరు సూచించిన మార్పు ఆచరణలో కష్టము.

ప్రకటనలో మేము చూపు 999 అనునది ధర కాదు, ఆహ్వానము. ఆహ్వానములో ఖర్చుల వివరములు ఉండవని తమరికి తెలియనిది కాదు. "వరకు" అను పదము చేర్చిన యెడల ప్రయాణికుల ఉత్సాహము సగమునకు సగము తగ్గునని మా సర్వేలో తేలినది. కానీ, "నుంచి" అను పదము వినువారిలో ఆశ కలిగించును. నక్షత్రపు గుర్తు విషయమునకు వచ్చిన, అది ప్రకటనకు అందము కొరకు కూడా ఉద్దేశింపబడినది.

సౌకర్య రుసుముపై తమరి ప్రశ్న మిక్కిలి ఆసక్తికరముగా నున్నది. సంబంధిత విభాగమును అడిగితిమి. కానీ, ఏ విభాగము సంబంధితమో ఇంకను నిర్ణయము కావలసియున్నది.

తమరు మోకాలు జాగ్రత్తగా చూసుకొని, మా విమానములలో ప్రయాణించగలరని ఆశించుచున్నాము.

ఇట్లు,
విభాగాధిపతి (సంతకం)


జూలై 9
ఇంట్లో, వీధివైపు గది

తూనీగకు,

మీ కంపెనీ జవాబు అందింది. సంతకం చుక్కల సారుది. "కానీ" తర్వాత కామా మాత్రం నీది. నీకు ఎనిమిదేళ్ళప్పటి నుంచి ఆ కామా తీసేస్తూనే ఉన్నాను. మూడుచోట్లా ఉంది. ఇక నా మోకాలి సంగతి నేను శాఖకు రాసిన అభిప్రాయంలో లేదు. మీ ఆరో అంతస్తులో అది తెలిసిన మనిషి ఒక్కతే.

జవాబు రాసింది నువ్వని తేలాక, ప్రకటన రాసిందీ నువ్వేనని అర్థమైంది. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో! "ఎగిరొచ్చేయండి" అన్నది మన ఇంటి మాట. మీ అమ్మ బడి నుంచి ఆలస్యంగా వస్తుంటే గుమ్మంలో నిలబడి "ఎగిరొచ్చెయ్" అని నేను కేకేసేదాన్ని. నీకూ అదే కేక. ఆ మాట వాడుకున్నందుకు కోపం లేదు, బాగుందనే అనిపించింది. కానీ ఆ మాట చివర నేనెప్పుడూ నక్షత్రం పెట్టలేదు.

మీ కంపెనీ జవాబును ఎర్రసిరాతో దిద్ది ఇవాళే తిప్పి పంపాను. ఇరవై రెండు తప్పులు. దాంతోపాటు ఐదో పేజీ ప్రకటన కూడా కత్తిరించి, దిద్ది జతచేశాను. నక్షత్రం కొట్టేశాను. "మాత్రమే" కొట్టేశాను. "999 నుంచి" తర్వాత "3,412 వరకు" అని చేర్చి, పెద్ద అక్షరాలు అని గుర్తు పెట్టాను. కింద టికెట్లాయన రాసిచ్చిన వివరం వరసగా వేశాను. పక్కన "ఈ ధరకు ఎన్ని సీట్లు? తెలిస్తే రాయండి" అని ప్రశ్న పెట్టాను. పాత అలవాటు కదా, అడుగున "దిద్దిన మేరకు అచ్చుకు ఇవ్వవచ్చు" అని రాసి పొట్టి సంతకం కూడా పెట్టేశాను. అది పట్టించుకోవద్దు.

అమ్మమ్మ


జూలై 22
ఆరో అంతస్తు (పని నటిస్తూ)

అమ్మమ్మా,

కొంప మునిగింది. నువ్వు ఆదివారం పేపర్ చూసే ఉంటావు. చూడకపోతే చూడు, ఐదో పేజీ.

జరిగింది ఇది. మా ప్రకటనలన్నీ మూడో అంతస్తులో ఒకాయన పేజీలుగా కడతాడు. అక్కడ ఒక ట్రే ఉంటుంది. ఎర్రసిరాతో దిద్దిన కాగితం అందులో పడితే, దిద్దింది దిద్దినట్టు వేయడమే ఆయన పని. మునుపెప్పుడో ఆయన ఒక సందేహం అడిగితే చుక్కల సారు, "ఎర్రసిరా చెప్పినట్టు చెయ్యవయ్యా, అర్థం చేసుకోవడం నీ పని కాదు" అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన అర్థం చేసుకోవడం మానేశాడు. నువ్వు దిద్దిన ప్రకటన ఎలాగో ఆ ట్రేలోకి చేరింది. ఆయన వేసేశాడు. అంతా వేశాడు. నక్షత్రం లేదు. "999 నుంచి 3,412 వరకు" అని పేజీకి ఈ చివర నుంచి ఆ చివర వరకు. కింద వరసగా ఇంధనం, అభివృద్ధి, సౌకర్యం.

అంతేనా? నువ్వు పక్కన పెట్టిన ప్రశ్న కూడా! "ఈ ధరకు ఎన్ని సీట్లు? తెలిస్తే రాయండి" అని ఎర్రరంగులో, పేజీ మధ్యలో!

జనం రాశారు అమ్మమ్మా. ఫోన్లు కూడా చేశారు. ఫోన్ల గదిలో ఒకావిడ పొద్దున్న ఏడింటి నుంచి, "మాకూ తెలియదండీ, కనుక్కుంటాం" అని చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుంది. చివరికి కనుక్కుంటే విమానానికి ఆరు. ఆరంటే ఆరు సీట్లు! ఫోన్లావిడ, "ఆరేనండీ, నిజం చెప్పేశాను, ఇక నన్నేం చేస్తారో చేసుకోండి" అంది. అవతలాయన, "పోన్లేమ్మా, మొదటిసారి ఒకళ్ళు అంకె చెప్పారు" అని 3,412 పెట్టి రెండు టికెట్లు కొన్నాడట.

చుక్కల సారు ముఖం చూస్తే జాలేసింది. పేపర్ చేత్తో పట్టుకుని, "నక్షత్రం ఏదమ్మా? నక్షత్రం ఏదీ?" అని గది గదికీ తిరిగాడు, పిల్లి తప్పిపోయినవాడిలా. ట్రేలోకి ఆ కాగితం ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. టపా కాగితాల్లో కలిసిపోయి ఉంటుంది. పొరపాటు.

నీ
తూనీగ


జూలై 26
ఇంట్లో, వీధివైపు గది

తూనీగకు,

ఆదివారం పేపర్ చూశాను. అక్షరదోషాలు లేవు. పేజీలు కట్టే ఆయన పనిమంతుడు.

నీ ఉత్తరంలో నాకు అర్థం కానివి మూడు ఉన్నాయి. నా కవరు మీద "విభాగాధిపతి, ఆరో అంతస్తు" అని రాశాను. ట్రే ఉన్నది మూడో అంతస్తులో. కాగితానికి కాళ్ళు లేవు, మెట్లు దిగడానికి. రెండు, కవరులో కాగితాలు రెండు. ఇరవై రెండు తప్పులు దిద్దిన జవాబు పైనే ఉండిపోయి, ప్రకటన ఒక్కటే విడిపోయి కిందికి ఎలా వెళ్ళింది? మూడు, నా కవరు పన్నెండో పదమూడో తారీఖుకల్లా అక్కడికి చేరి ఉండాలి. అచ్చయింది ఇరవైన. మధ్యలో వారం రోజులు ఆ కాగితం ఎవరి దగ్గరుంది?

"పొరపాటు" అని ఒక్కసారే రాశావు. ఈ మధ్య కాస్త నేర్చుకున్నావు. అయినా చాలదు.

అమ్మమ్మ


ఆగస్టు 2
నా గది, కిటికీ పక్క బల్ల

అమ్మమ్మా,

నీ దగ్గర దాచడం నా వల్ల కాదు.

కవరు నేనే తెరిచాను. చుక్కల సారుకి వచ్చే టపా నేనే చూస్తాను. నువ్వు దిద్దిన ప్రకటన నా సొరుగులో వారం ఉంది. రోజూ తీసి చూసేదాన్ని. ముందు కోపమొచ్చింది. నాలుగు నెలలు తల బద్దలు కొట్టుకుని నేను రాసిన ఒకే ఒక్క పెద్ద ప్రకటన అది. దాన్ని ఎర్రసిరాతో నిండా గీసేశావు. తర్వాత చూడగా చూడగా, నీదే బాగుందనిపించింది. నిజంగా. చదివితే ఎక్కడా తడబడదు. శుక్రవారం అందరూ భోజనానికి వెళ్ళాక మూడో అంతస్తుకి దిగి ట్రేలో పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను. ఇంత అల్లరి నేను బడిలో కూడా చేయలేదు.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ప్రభుత్వ శాఖ నుంచి మా కంపెనీ ఛైర్మన్‌కి ఉత్తరమొచ్చింది. నియమం రాకముందే దాన్ని పాటించిన మొదటి సంస్థ మాదేనట, అభినందనలట. కొత్త నియమంలో "నుంచి ఉన్నచోట వరకు" అన్న వాక్యం చేరుస్తున్నారట, మా ప్రకటనను నమూనాగా అందరికీ పంపుతారట. ఛైర్మన్ ఆ ఉత్తరాన్ని అద్దం కట్టించి గోడకి పెట్టించాడు. ఇక చుక్కల సారు అది పొరపాటని బయటికి చెప్పలేడు. చెప్పకుండా ఉండలేడు కూడా. అందుకని లోపల విచారణ పెట్టాడు.

నిన్న నన్ను పిలిచాడు. "ఇది ఎవరో కావాలని చేసింది కాదమ్మా. ఆ పేజీల పెద్దాయనే తెలియక ఏదో పాత కాగితం ఎత్తి వేసేసి ఉంటాడు. కాగితం ఇక్కడి నుంచి కిందికి వెళ్ళలేదని నువ్వు ఒక ముక్క రాసి సంతకం పెట్టు. సోమవారం పదకొండున నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద నేను సంతకం పెడతాను" అన్నాడు. ఆయన నవ్వి, "ఈసారి నక్షత్రం లేకుండానే పెడతాను" అన్నాడు.

పేజీలు కట్టే ఆయనకి రిటైర్మెంట్ ఇంకా రెండేళ్ళుంది. ఏమవుతుంది, మందలిస్తారంతే అనుకుంటున్నాను. తీసేస్తే మాత్రం... తీసెయ్యరులే.

వాంగ్మూలం రాశాను. జతచేస్తున్నాను. కాస్త దిద్ది వెంటనే పంపవా? నువ్వు చూడని కాగితం మీద సంతకం పెట్టాలంటే నాకు చెయ్యి రాదు.

నీ
తూనీగ


ఆగస్టు 6, బుధవారం
ఇంట్లో, వీధివైపు గది

చిరంజీవి తూనీగకు అమ్మమ్మ ఆశీస్సులు.

నీ వాంగ్మూలం రెండుసార్లు చదివాను. అక్షరదోషాలు లేవు. వాక్యాలు కుదురుగా ఉన్నాయి. "కానీ" తర్వాత కామా కూడా లేదు. ఇన్నేళ్ళలో నువ్వు నాకు పంపిన కాగితాల్లో దిద్దడానికేమీ లేనిది ఇదొక్కటే.

నిన్ను తిట్టడానికి కలం తీశాను. తిట్టే హక్కు నాకు లేదని తెలిసి ఆగాను. ఎందుకో చెబుతాను.

"దిద్దిన మేరకు అచ్చుకు ఇవ్వవచ్చు" అన్నది పాత అలవాటు కొద్దీ రాశానన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ వాక్యం నేను ఒక్కసారి కూడా అలవాటు కొద్దీ రాయలేదు. ఆ వాక్యం రాస్తే యంత్రం తిరుగుతుంది. అందుకే రాసే ముందు కలం కింద పెట్టి, మంచినీళ్ళు తాగి, అప్పుడు రాసేదాన్ని. జూలై తొమ్మిదిన కూడా మంచినీళ్ళు తాగే రాశాను. కవరు ఎవరు తెరుస్తారో ఊహించాను. పట్టించుకోవద్దని నీకు విడిగా రాశాను, పట్టించుకుంటావని తెలిసి. నా మనవరాలి చేత నేను ఒక పని చేయించాను, నా చేతికి సిరా అంటకుండా. చుక్కల సారు పేజీ అంచున చిన్న అచ్చులో దాచాడు. నేను నా వాక్యంలోనే దాచాను. ఆయనకూ నాకూ తేడా ఎక్కడుందా అని రెండు రోజుల నుంచి వెతుకుతున్నాను. ఆ ప్రకటన అచ్చులో చూసుకుని నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వానని కూడా ఒప్పుకుంటున్నాను. పెద్దగానే నవ్వాను.

కాబట్టి ఇందులో సగం తప్పు నాది. మిగతా సగం నీది. పేజీలు కట్టే ఆయనకు ఇందులో వాటా లేదు. ఇక జరగవలసింది ఇది.

1. వాంగ్మూలం ఒక్క గీత కూడా గీయకుండా తిప్పి పంపుతున్నాను. ఇది అచ్చుకు ఇవ్వకూడదు. చించెయ్యి.

2. కొత్తది రాయి. నాలుగు వాక్యాలు చాలు. ఆ ప్రకటన మా అమ్మమ్మ దిద్దింది. నేను చదివాను. తెలిసే ట్రేలో పెట్టాను. పేజీలు కట్టినాయనకు ఏమీ తెలియదు. ఐదో వాక్యం రాయాలనిపిస్తే కలం కింద పెట్టు.

3. చుక్కల సారు దగ్గరికి వెళ్ళే ముందు మూడో అంతస్తుకు వెళ్ళు. తన మీదికి ఏం రాబోయిందో ఆయనకు అందరికంటే ముందు నీ నోటి నుంచే తెలియాలి. ఆయన ఏమన్నా ఎదురు చెప్పకు.

4. దీంతో నా వాంగ్మూలం రెండు పేజీలు ఉన్నాయి. ఈసారి కింద నా పూర్తి సంతకం ఉంది. చుక్కల సారు చేతికే ఇవ్వు. చదివేదాకా అక్కడే నిలబడు.

5. ఉద్యోగం ఖాయమైతే, ఆ పూట మామూలుగా పని చేసుకో. ఎవరి ముందూ గంతులు వేయకు.

6. ఉద్యోగం పోతే, ఏడుస్తూ సామాను సర్దకు. నెలాఖరు వరకు గది అద్దె కట్టేశావు. ఆ రోజులు నీవే. మంగళవారం పొద్దున్న బస్సుకు నేను వచ్చి, ఆ రోజులు నీతోపాటు ఉంటాను. ఉద్యోగం ఉన్నా వస్తాను.

7. సోమవారం చుక్కల సారు గదిలోంచి బయటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. ఉత్తరం వద్దు. ఫోన్లో నేనేమీ దిద్దలేను.